పాత రౌటరు దించేటప్పుడు

కొత్త ఇంట్లో వైఫై పెట్టడం మా వృత్తిలో తేలిక పని. గదులు ఖాళీగా ఉంటాయి, గోడల్లో పైపులు పూడిపోయి ఉండవు, వైరు ఎటు లాగినా అడ్డు చెప్పేవాళ్లుండరు. ఏళ్ల తరబడి టీవీ పక్కన కూర్చుని ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్ అందించిన పెట్టెను దించి, దాని చోట ఇంకోటి పెట్టడం ఉంది చూశారూ, మా పనితనం తేలేది అక్కడే. "బానే పనిచేస్తోంది కదయ్యా, మార్చడమెందుకు?" ప్రతి ఇంట్లోనూ ముందు వినపడే మాట ఇదే. న్యాయమైన ప్రశ్నే. కంపెనీ చేతులెత్తేసిన రోజున కూడా రౌటరు లైట్లు ఎప్పటిలాగే వెలుగుతుంటాయి. పాత మోడల్ అమ్మకం ఆగిపోయిందని గానీ, దానికి ఇక అప్‌డేట్లు రావని గానీ ఇంట్లో ఎవరికీ కబురు రాదు.

సికింద్రాబాద్, మల్కాజిగిరి, సైనిక్‌పురి చుట్టుపక్కల ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. టెలిఫోను వైరుకు మోడెమ్ తగిలించి, డయల్ టోను సరిగా ఉందో లేదో విని, ఆ తర్వాత ఇంటర్నెట్ సంగతి చూసే రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను. తర్వాత కేబుల్ వచ్చింది, ఆ మీద ఫైబర్ వచ్చింది. సామాను కోసం వెళ్లేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే. సీటీసీ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. అక్కడ ఏ కౌంటర్‌లోనూ దొరకని సరుకు గురించే ఇప్పుడు చెప్పబోయేది.

మా ఏరియాలో ప్రతి నాలుగో గడపకూ అమెరికాలో ఒక కొడుకో కూతురో ఉంటారనిపిస్తుంది. సెలవులకొచ్చినప్పుడు వాళ్లు అమ్మానాన్నల కోసం సూట్‌కేసులో తెచ్చిన వస్తువుల్లో ఒకటి ఆపిల్ వాళ్ల టైమ్ క్యాప్సూల్. తెల్లటి పలక లాంటి పెట్టె. పేరుకు వైఫై రౌటరు, లోపల హార్డ్ డిస్కు కూడా ఉంటుంది. ఇంట్లో ఉన్న మ్యాక్ కంప్యూటర్లు గంటగంటకూ తమంతట తామే దానిలోకి బ్యాకప్ తీసుకుంటాయి. వైరు గుచ్చే పని లేదు, గుర్తుపెట్టుకునే పని లేదు. 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా సర్దుకుంటుంది కాబట్టి అమెరికా పెట్టె ఇక్కడ కాలిపోదు. వచ్చిన చిక్కల్లా ప్లగ్గుదే. దానికి మన పాత టేప్ రికార్డర్ వైరు అచ్చంగా సరిపోతుంది. ఎన్నో ఇళ్లలో ఆ ఖరీదైన పెట్టె అలాంటి నల్ల వైరు మీదే బతికింది.

దీని వంశం పెద్దది. ఆపిల్ 1999 జులైలో న్యూయార్క్‌లో ఐబుక్ ల్యాప్‌టాప్‌తో పాటు ఎయిర్‌పోర్ట్ బేస్ స్టేషన్‌ను బయటపెట్టింది. వైరు లేకుండా ఇంటర్నెట్ అంటే జనం నోరెళ్లబెట్టి చూసిన కాలం అది. వేగం సెకనుకు 11 మెగాబిట్లు. 2004లో గోడ సాకెట్‌కు నేరుగా గుచ్చుకునే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. 2008 జనవరిలో టైమ్ క్యాప్సూల్ వచ్చింది. 500 జీబీది 299 డాలర్లు, 1 టీబీది 499. 2013లో ఆ పలక కాస్తా నిలువు స్తంభమైంది, 168 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ తర్వాత కొత్త మోడల్ రాలేదు. 2018 ఏప్రిల్‌లో, ఉన్న స్టాకు అమ్మేసి ఈ వరుస మొత్తం ఆపేస్తున్నామని కంపెనీయే ప్రకటించింది. చివరి సాఫ్ట్‌వేర్ మరమ్మతులు 2019లో వచ్చాయి. ఆ తర్వాత వాటిని పట్టించుకున్నవాళ్లు మాలాంటివాళ్లం మాత్రమే.

తయారీదారు దారిలోంచి తప్పుకున్నంత మాత్రాన పెట్టె చెడిపోదు. దాని చుట్టూ ఉన్న లోకం మారిపోతుంది, తంటా అంతా దానితోనే. ఫైబర్ కనెక్షన్ తీసుకోగానే కంపెనీవాడు ఓఎన్‌టీ అనే తన ఫైబర్ పెట్టె ఒకటి గోడకు బిగించి పోతాడు. అదీ వైఫై ఇస్తుంది, దాని వెనక పాత పెట్టె కూడా వైఫై ఇస్తుంటుంది. రెండూ ఇంటి పెద్దరికం మాదంటే మాదని అడ్రసులు పంచుతాయి. పాత పెట్టెలో పచ్చలైటు పోయి పసుపు రంగు మిణుకుమిణుకుమంటుంది. సైనిక్‌పురిలో ఒక రిటైర్డు టీచరమ్మ నన్ను పిలిచింది ఇందుకే.

"బాబూ, లైటు పసుపైంది. పోతుందేమో చూడు. మా వాడు సియాటిల్ నుంచి తెచ్చింది, పారేయనివ్వడు."

లైటు సంగతి రెండు నిమిషాల పని. పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెడితే పెద్దరికం ఓఎన్‌టీకి వదిలేసి తన పని తాను చేసుకుంటుంది. పచ్చలైటు వచ్చింది. ఆవిడ కాఫీ ఇచ్చారు. అక్కడితో లేచి వచ్చేయొచ్చు, చాలామంది అలాగే వచ్చేస్తారు. కానీ టీవీ కింద తలుపులేసిన అరలో, పైన సెట్‌టాప్ బాక్సు, పక్కన ఇన్వర్టర్ వైర్లు, ఆ మధ్యలో చేయి పెడితే చురుక్కుమనే వేడితో అది ఉంది. లోపల హార్డ్ డిస్కు సన్నగా టిక్కుటిక్కుమంటోంది. పదేళ్లు దాటిన డిస్కు అలా చప్పుడు చేసిందంటే మిగిలిన ఆయుష్షు ఎంతో ఎవరూ చెప్పలేరు.

"ఇందులో ఏముందమ్మా?" అని అడిగాను.

"ఏముంటుంది? ఇంటర్నెట్టేగా!"

అందులో ఏముందో ఆవిడకు తెలియదు. కొడుకును వీడియో కాల్‌లోకి పిలిస్తే అప్పుడు గుర్తు చేసుకున్నాడు. నాన్నగారు తన పాత మ్యాక్‌లో స్కాన్ చేసి పెట్టిన ఇంటి కాగితాలు, పొలం కాగితాలు, కుటుంబం ఫొటోలు అన్నీ అందులోకే బ్యాకప్ వెళ్లేవి. ఆ మ్యాక్ ఎప్పుడో పాడై మూలపడింది. అంటే బ్యాకప్ అనుకున్నదే ఇప్పుడు ఏకైక ప్రతి. "అన్నా, దాన్ని కదపకు, డిసెంబర్‌లో వచ్చి నేనే చూసుకుంటా" అన్నాడు. డిస్కు డిసెంబర్ దాకా ఆగుతుందని నేను మాటివ్వలేనని చెప్పాను. కాసేపు ఆలోచించి సరేనన్నాడు.

ఇలాంటి పనుల కోసమే నా దగ్గర 2012 నాటి పాత మ్యాక్‌బుక్ ప్రో ఒకటి ఉంచుకున్నాను. దానికి ల్యాన్ పోర్టు ఉంది, ఈ పెట్టెలు మాట్లాడే పాత భాష దానికింకా వచ్చు. ఆ భాష పేరు ఏఎఫ్‌పీ. మ్యాక్‌లు ఫైళ్లు పంచుకోవడానికి ఆపిల్ సొంతంగా పెట్టుకున్న పద్ధతి. ఇక మీద వచ్చే మ్యాక్ వెర్షన్లలో దాన్ని తీసేస్తామని 2025లో కంపెనీ రాతపూర్వకంగా చెప్పింది. టైమ్ క్యాప్సూల్‌కు ఏఎఫ్‌పీ కాకుండా తెలిసిన ఇంకో పద్ధతి ఎస్ఎంబీ మొదటి వెర్షన్. భద్రత లేదని లోకమంతా వదిలించుకుంటున్నది అదే. కాబట్టి ఇంట్లో కొత్త మ్యాక్ కొని అప్‌డేట్ చేసుకుంటూ పోతే, ఏదో ఒక ఉదయం ఆ కంప్యూటరుకు ఈ పెట్టె కనపడదు. డిస్కు బాగానే ఉంటుంది, డేటా బాగానే ఉంటుంది, అడిగే నాథుడే ఉండడు.

కాపీ చేయడానికి దగ్గరి దారి ఒకటుంది. పెట్టె వెనక యూఎస్‌బీ పోర్టుకు కొత్త డిస్కు తగిలించి, మ్యాక్‌లోని ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ అనే యాప్‌లో ఆర్కైవ్ అనే మీట నొక్కితే లోపలిదంతా బయటి డిస్కులోకి పోతుంది. మధ్యలో కంప్యూటర్ ప్రమేయం ఉండదు. అయితే ఆ బ్యాకప్ ఒకే పెద్ద ఫైలులా కనిపించినా, నిజానికి 8 మెగాబైట్ల ముక్కలు వేలకు వేలు. వైఫై మీద కాపీ చేస్తానని కూర్చుంటే తెల్లారినా కాదు. సెకనుకు 25 మెగాబైట్లు వచ్చినా ఒక టీబీకి 11 గంటలు పడుతుంది. అందుకే రాత్రి పెట్టి పొద్దున వెళ్తాను. వెళ్లే ముందు ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో చూసుకుంటాను, అరలోంచి పెట్టెను బయటికి తీసి ఫ్యాను కింద పెడతాను. ఎండాకాలమైతే ఈ రెండో జాగ్రత్తే పనిని కాపాడుతుంది.

పెట్టెకు కరెంటే ఎక్కకపోతే అప్పుడు విప్పాలి. పలక మోడల్‌కు అడుగున రబ్బరు పొర అతికించి ఉంటుంది. ఎక్కడా స్క్రూ కనపడదు. హెయిర్ డ్రయ్యర్‌తో మూలమూలనా వేడి చేస్తూ ఆ పొరను నెమ్మదిగా ఒలవాలి. తొందరపడితే సాగి చిరుగుతుంది, మళ్లీ సరిగా అతకదు. దాని కింద చిన్న చిన్న స్క్రూలు, ఆ తర్వాత రేకు. అది తీస్తే మామూలు మూడున్నర అంగుళాల సాటా డిస్కు, అంతే. దాన్ని ఊడదీసి డాక్‌లో పెట్టి మ్యాక్‌కు తగిలిస్తే తెరుచుకుంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలించి "ఫార్మాట్ చేయమంటారా?" అని అడిగితే ఓకే నొక్కినవాళ్లు కొందరు నా దగ్గరికి వచ్చారు. వాళ్లను రికవరీవాళ్ల దగ్గరికి పంపడం తప్ప చేసేదేమీ ఉండదు. మొదటి తరం టైమ్ క్యాప్సూళ్లలో ఇలా కరెంటెక్కనివి చాలానే ఉండేవి. 2008 ఫిబ్రవరి, జూన్ మధ్య అమ్మినవాటిలో కొన్నింటికి ఆ లోపం ఉందని ఆపిల్ ఒప్పుకుని మార్చి ఇచ్చింది కూడా. ఇప్పుడు మార్చి ఇచ్చే కౌంటర్ లేదు.

టీచరమ్మ డిస్కు తెల్లవారేసరికి పూర్తయింది. నేను డబ్బులు తీసుకునే ముందు ఒక పని తప్పకుండా చేస్తాను. ఇంటివాళ్లనే ఏదో ఒక ఫైలు పేరు చెప్పమంటాను, దాన్ని కొత్త డిస్కులోంచి తీసి తెరుస్తాను. ఆవిడ ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు అడిగారు. నాలుగో పేజీలో సంతకాల దాకా చదివి, "ఆయన స్కాన్ చేసినప్పుడు వంకరగా పెట్టారు, చూడు" అన్నారు. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ కింద లెక్కపెట్టను.

ఇక దాని స్థానంలో ఏం పెట్టాలి? అందరూ అడిగేది, "అలాంటిదే ఇంకోటి ఉందా?" అని. రౌటరూ డిస్కూ కలిసి ఉన్నవి వేరే కంపెనీలవి దొరక్కపోవు. అయినా నేను పెట్టను. రౌటరు వీధి గుమ్మం లాంటిది, లోకంలోని ప్రతివాడూ వచ్చి గడియ కదిపి చూసేది. ఆ తలుపుకే బీరువా బిగించుకోవడం నాకు నచ్చదు. పైగా రెండింటి వయసు వేరు. వైఫై పద్ధతులు నాలుగైదేళ్లకోసారి మారతాయి, రౌటరును మార్చక తప్పదు. పొలం కాగితాలు, పిల్లల ఫొటోలు అలా మారేవి కావు. ఒకే పెట్టెలో పెట్టాక ఒకటి పాతబడితే రెండోదాన్నీ కదపాల్సి వస్తుంది. టైమ్ క్యాప్సూల్ కాలంలో ఆ సౌకర్యం అద్భుతంగానే ఉండేది, కాదనను. ఇప్పుడు పడుతున్న తిప్పలన్నీ ఆ సౌకర్యం తాలూకువే.

అందుకని రౌటరు రౌటరే. డిస్కు వేరే. ఒక్క ల్యాప్‌టాప్ ఉన్న ఇంటికి యూఎస్‌బీ డిస్కు ఒకటి చాలు, వారానికోసారి గుచ్చితే సరి. రెండు మూడు మ్యాక్‌లుంటే, ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక మ్యాక్‌కు డిస్కు తగిలించి మిగతావన్నీ దానిలోకే బ్యాకప్ తీసుకునేలా పెట్టొచ్చు. 2017లో వచ్చిన హై సియెరా నుంచి ఆ సదుపాయం లోపలే ఉంది, విడిగా ఏమీ కొననక్కర్లేదు. నాస్ అనే రెండు డిస్కుల పెట్టె అందరికీ అంటగట్టే అమ్మకందార్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దాన్నీ అప్‌డేట్ చేసుకునేవాళ్లు ఇంట్లో ఉండాలి కదా!

రౌటరు మార్చే రోజున అసలు యుద్ధం వేరేచోట జరుగుతుంది. ఇంట్లో ఫోన్లు, టీవీ, ప్రింటర్, గుమ్మం దగ్గర కెమెరా, గీజర్ స్విచ్, ఏసీ అన్నీ పాత వైఫై పేరు మీద అలవాటు పడి ఉంటాయి. కొత్త రౌటరుకు కూడా పాత పేరూ పాత పాస్‌వర్డే పెడతాను. సగానికి సగం వస్తువులు ఏమీ జరగనట్టు వచ్చి కలుస్తాయి. పాస్‌వర్డ్ ఇంటి నంబరో ఫోన్ నంబరో అయితే మాత్రం కుదరదని చెప్పి మార్పిస్తాను, ఆ పూటకు కష్టమైనా సరే. తర్వాత ప్రింటర్ మొరాయిస్తుంది. కొత్త రౌటర్లు డబ్ల్యూపీఏ3 అనే కొత్త తాళం వాడతాయి, పాత ప్రింటర్‌కు అది తెలియదు. రెండు తాళాలూ ఒప్పుకునే మోడ్‌లో పెట్టాలి. చవక బల్బులూ స్విచ్‌లూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. కొత్త రౌటరు రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో కలిపి ఇస్తే వాటికి దారి దొరకదు. కాసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపి, వాటిని కలుపుకుని, మళ్లీ ఆన్ చేయాలి. ఇంటర్నెట్ కంపెనీల్లో కొన్ని పాత రౌటరు గుర్తింపు నంబరును తమ దగ్గర కట్టేసి పెట్టుకుంటాయి. దాన్నే మ్యాక్ బైండింగ్ అంటాం, ఆపిల్ మ్యాక్‌తో దీనికి సంబంధం లేదు. వాళ్లకు ఫోన్ చేసి విడిపించుకునేదాకా కొత్త పెట్టెకు చుక్క ఇంటర్నెట్ రాదు. ఆ ఫోన్ కాల్‌కు పట్టినంత సేపు మిగతా పనంతటికీ పట్టదు. కాబట్టి మధ్యాహ్నం భోజనాల వేళ రౌటరు మార్చే పని నేను ఒప్పుకోను, ఆన్‌లైన్ మీటింగులున్న రోజు అసలే ఒప్పుకోను.

అన్నీ పారేయమనను. పాత ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడ కనిపించినా పక్కన పెట్టమంటాను. అమ్మకాలు ఆగిన కొన్ని నెలలకే, 2018 ఆగస్టులో, 2012 మోడల్‌కు ఎయిర్‌ప్లే 2 అప్‌డేట్ ఇచ్చారు, విచిత్రంగా! దాని వెనక ఆడియో రంధ్రానికి పాత స్టీరియో స్పీకర్లు తగిలిస్తే ఫోన్‌లోంచి ఘంటసాల పాటలు హాయిగా వస్తాయి. కొత్త రౌటరు వెనక అది ఆ ఒక్క పనే చేస్తుంది, ఇంటి గుమ్మం దగ్గర నిలబడదు.

ఆపిల్ పెట్టెల గురించే ఇంతసేపు చెప్పానంటే అవి చెడ్డవని కాదు, ఎక్కువకాలం మన్నాయి కాబట్టే ఇంకా ఇళ్లలో ఉన్నాయి. నిలిపేసిన సామానుతో అసలు ప్రమాదం ఎలా ఉంటుందో 2021 జూన్‌లో లోకమంతా చూసింది. వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ అనే బ్యాకప్ డిస్కులు, 2015 తర్వాత అప్‌డేట్ లేనివి, ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్నాయి. ఎవరో బయటినుంచి దూరి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు. పొద్దున లేచి చూస్తే ఏళ్ల నాటి డేటా ఖాళీ. డిస్కులను ఇంటర్నెట్ నుంచి వెంటనే తీసేయమని కంపెనీయే చెప్పాల్సి వచ్చింది. రౌటర్ల సంగతికొస్తే, అప్‌డేట్లు ఆగిపోయినవాటిలోకి దూరి వాటి చాటున నేరాలు చేస్తున్నారు, వాటిని మార్చండి అని అమెరికా ఎఫ్‌బీఐ 2025 మేలో హెచ్చరిక ఇచ్చింది. అంటే మన ఇంటి వైఫై నుంచి ఎవడో ఎక్కడికో దొంగతనానికి పోతాడు, అడ్రసు మాత్రం మనది. "మా ఇంట్లో దాచుకునేదేముంది?" అనేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

ఇక బ్యాకప్ ప్రతులు ఎన్ని ఉండాలంటారా, ఎల్బీనగర్‌లో పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన ఉన్నాడు. నన్ను అన్నా అంటాడు, నేనూ ఆయన్ను అన్నా అంటాను. ఆయన దగ్గర మూడు ప్రతులుంటాయి. స్టూడియోలో రెండు వేర్వేరు డిస్కులు, మూడోది అత్తగారింట్లో. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి ఇంటి బయట అనే ఆ లెక్కను ప్రచారంలోకి తెచ్చినవాడు కూడా పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరే. మా అన్నకు ఆ పేరు తెలియదు. ఒకసారి షార్ట్ సర్క్యూట్‌తో పక్క షాపు కాలినప్పుడు తనకు తానే ఆ లెక్కకు వచ్చాడు.

పాత పెట్టెను ఏం చేయాలన్నది చివరి మాట. డేటా కాపీ అయిందని, తెరుచుకుంటోందని రెండుసార్లు చూశాక, యుటిలిటీలోనే డిస్కును తుడిచే వీలుంది. అందులో పైపైన తుడిచేది కాకుండా సున్నాలు రాసేదాన్ని ఎంచుకోవాలి. రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి. ఆ తర్వాతే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పాత సామాన్లకు వీధిలో కేక వేసేవాడికి డిస్కుతో సహా ఇచ్చేస్తే, ఆ పొలం కాగితాలు ఎవరి చేతిలో పడతాయో తెలియదు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఇంటర్నెట్‌కు తగిలించే ఇంటి సామాను తయారుచేసేవాళ్లు, దానికి భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కొనేవాళ్లకు తెలిసేలా ప్రకటించి తీరాలి. సీటీసీలో నేను కొనే పెట్టెల మీద ఎమ్మార్పీ ఉంటుంది, యాంటెన్నాలు ఎన్నో బొమ్మ వేసి ఉంటుంది, ఆ తేదీ ఇంతవరకూ నా కంటపడలేదు. రౌటరు కొనబోతూ వేగమెంత, రేంజ్ ఎంత అని అడిగే ముందు "అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి?" అని అడగండి. షాపువాడికి తెలియకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌ను మెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబును బిల్లుతో పాటు దాచుకోండి. పదిమంది అడగడం మొదలుపెడితే పెట్టె మీద ఆ తేదీ అచ్చవుతుంది.